పైకం పట్టాకా, కష్టానికా?
ఆర్కన్సాస్ పత్తిచేలు చెబుతున్న పాఠం

రైతుకు సహాయం అని సర్కారు ప్రకటించినప్పుడల్లా కష్టజీవులు అడగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే. ఏ రైతుకు? భూమి ఉన్న రైతుకా, భూమి దున్నే రైతుకా? ఈ ఇద్దరూ ఒకరేనన్న భ్రమలో మనల్ని ఉంచాలని పాలకులు ఎప్పుడూ చూస్తూనే ఉంటారు. పట్టాదారు పాసుపుస్తకం చూసి, ఎకరాలు లెక్కగట్టి, బ్యాంకు ఖాతాలో పైకం వేసే పథకాలు వచ్చి ఏళ్ళు గడిచాయి. పొలంలో నడుం వంచేది కౌలుదారు, కూలీ. డబ్బు పడిందని ఫోనుకు కబురు వచ్చేది మాత్రం పట్నంలో కూర్చున్న ఆసామికి.

ఇదేం న్యాయమని అడిగితే అధికారుల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. కౌలుదార్లను గుర్తించడం కష్టమనేది ఒకటి. అది ఆసామికీ కౌలుదారుకీ నడుమ వ్యవహారం, మధ్యలో సర్కారు ఎందుకనేది రెండోది. ఈ జవాబులు కొత్తవేమీ కావు. తొంభై ఏళ్ళ కిందట అమెరికాలో పత్తి పండించిన పేదజనం అచ్చంగా ఇవే మాటలు విన్నారు. అక్కడ ఈ కథ మొదలునుంచి చివరిదాకా నడిచిపోయింది గనుక ఒక మెట్టు తర్వాత ఏ మెట్టు వస్తుందో మనం ముందే తెలుసుకోవచ్చు. అందుకే ఆర్కన్సాస్ రాష్ట్రంలోని పాయిన్‌సెట్ కౌంటీ సంగతులు పాఠకుల ముందు ఉంచుతున్నాము. కౌంటీ అంటే మన జిల్లా వంటిదే, కాస్త చిన్నది.

దున్ని మట్టిలో కలిపిన పత్తి

మిసిసిపీ నదికి పడమట, చిత్తడి అడవులు నరికి సాగులోకి తెచ్చిన నల్లరేగడి నేలలవి. 1865లో బానిసత్వం రద్దయ్యాక అమెరికా దక్షిణాదిలో దాని స్థానంలో సగపాలు సేద్యం వచ్చింది. భూమి దొరది, కంచరగాడిద దొరది, విత్తనం దొరది. కష్టం మాత్రం పేదవాడిది. అతని పెళ్ళాం బిడ్డలది కూడా. పంటలో సగం అతనికి రావాలి. కానీ ఏడాది పొడవునా దొరగారి కొట్టులో వాడుకున్న మొక్కజొన్న పిండికీ, పందిమాంసానికీ, గుడ్డముక్కకూ అసలూ వడ్డీ పట్టుకోగా చేతికి మిగిలేది గుండుసున్న. ఆ లెక్క రాసేది కూడా దొరే. మన నాగువడ్డీల లెక్క తెలిసినవారికి దీన్ని వేరే చెప్పనక్కరలేదు. పాయిన్‌సెట్ కౌంటీలో ఈ కాడి కింద నల్లవారే కాదు, తెల్లజాతి పేదలూ ఉన్నారు.

1929లో పెట్టుబడిదారీ ప్రపంచాన్ని కుదిపేసిన సంక్షోభం పత్తిచేలకూ పాకింది. ఆ ఏడు పౌనుకు 16 సెంట్లు దాటి పలికిన పత్తి 1932 నాటికి 6 సెంట్ల చుట్టూ పడిపోయింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గద్దెనెక్కగానే 1933 మే 12న వ్యవసాయ సర్దుబాటు చట్టం తెచ్చాడు. దాని సారాంశం ఇది. పంట తగ్గించండి, ధర పెరుగుతుంది, తగ్గించినందుకు సర్కారు డబ్బిస్తుంది. అప్పటికే పత్తి మొలిచి ఏపుగా పెరుగుతోంది. అయినా సరే, ఆ వేసవిలో కోటి ఎకరాలకు పైగా పత్తిని దున్ని మట్టిలో కలిపించారు. సాళ్ళ మధ్యనే నడవాలని, మొక్కను తొక్కకూడదని నేర్పిన కంచరగాడిదలు ఆ మొక్కల మీద అడుగు వెయ్యడానికి మొరాయించాయని ఆనాడు దేశమంతా చెప్పుకున్నారు. ఒంటిమీద గుడ్డలేని జనం లక్షల్లో ఉన్న దేశంలో, గుడ్డకు ఆధారమైన పంటను తొక్కెయ్యడానికి నోరులేని పశువు జంకింది గాని, చట్టం జంకలేదు.

ఎనిమిది పాళ్ళు దొరకు, ఒక పాలు దున్నినవాడికి

ఇక పైకం ఎలా పంచారో చూద్దాం. 1934-35 ఒప్పందాల ప్రకారం, సాగు మానిన భూమికి పౌను పత్తి లెక్కన రెండు రకాల చెల్లింపులు ఉన్నాయి. అద్దె పేర మూడున్నర సెంట్లు, ధర సమానం చెయ్యడానికని ఒక సెంటు. మొత్తం నాలుగున్నర. అద్దె సొమ్మంతా భూస్వామిదే. మిగిలిన ఒక్క సెంటులో సగం భూస్వామికి, సగం సగపాలు రైతుకు. అంటే నాలుగున్నర సెంట్లలో నాలుగు దొరకు, అర సెంటు దున్నినవాడికి. పంటలో సగం వాటా ఉన్న మనిషికి సర్కారు సొమ్ములో తొమ్మిదో వంతు! ఆ అర సెంటు కూడా దొర చేతుల మీదుగానే రావాలి. పాత బాకీ కింద జమ కట్టుకున్నామని చెప్పి దాన్నీ మింగినవారు కోకొల్లలు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడ దేవుడే పూజారి పక్షాన ఉన్నాడు.

ఇంతకంటే పెద్ద దెబ్బ మరొకటి ఉంది. సాగు విస్తీర్ణం సుమారు నూటికి నలభై వంతులు తగ్గించాలన్నారు. విస్తీర్ణం తగ్గితే చేతులతో పని తగ్గుతుంది. పని తగ్గితే మనుషులు అక్కరలేదు. దీన్ని ముందే ఊహించి, ఉన్న కౌలుదార్లను తీసెయ్యకూడదని ఒప్పందంలో ఏడో షరతు రాశారు. కానీ దాని పక్కనే 'వీలైనంత వరకు' అన్న తోక తగిలించారు. చట్టాలలో ఈ చిన్న తోకలు ఎవరికోసం పెడతారో మనకు తెలియనిది కాదు. షరతు అమలు చూసే కౌంటీ కమిటీల్లో కూర్చున్నవారెవరు? ఆ పెద్ద తోటల ఆసాములే, వాళ్ళ మాట జవదాటని అధికారులే. ఫిర్యాదు చేసుకోవాలంటే ఎవరిమీద ఫిర్యాదో వారి దగ్గరికే పోవాలి. కంచే చేను మేస్తే కాపలా ఎవరు?

అలా కుటుంబాలు రోడ్డున పడ్డాయి. సర్కారు సొమ్ముతో ఆసాములు అప్పులు తీర్చుకున్నారు, పోనుపోను ట్రాక్టర్లు కొన్నారు. కొన్న ప్రతి ట్రాక్టరూ మరికొన్ని గుడిసెలను ఖాళీ చేయించింది. పేదవాడిని వెళ్ళగొట్టడానికి అయ్యే ఖర్చును కూడా ప్రజల ఖజానాయే భరించింది.

టైరంజాలో పద్ధెనిమిదిమంది

పాయిన్‌సెట్ కౌంటీలో టైరంజా అనే చిన్న ఊరు ఉంది. అక్కడ హెచ్.ఎల్. మిచెల్ అనే యువకుడు బట్టలు శుభ్రం చేసే దుకాణం నడిపేవాడు. పక్కనే క్లే ఈస్ట్‌కు పెట్రోలు బంకు. ఇద్దరూ సోషలిస్టులు. 1934లో ఆ ఊరి దగ్గరున్న నార్‌క్రాస్ తోటలో 23 కుటుంబాలను వెళ్ళగొట్టారు. ఆ జులైలో ఒక రాత్రి, ఆ తోటలోని బడిలో పద్ధెనిమిదిమంది సమావేశమయ్యారు. పదకొండుమంది తెల్లవారు, ఏడుగురు నల్లవారు. రెండు జాతులవారు ఒకచోట కూర్చోవడమే నేరంగా చూసే నేల అది.

సంఘం ఒకటి పెట్టాలా, రెండు పెట్టాలా అన్న చర్చ వచ్చింది. ఆ సభలో ఉన్న ఒక పెద్దవయసు నల్లజాతి రైతు 1919లో అదే రాష్ట్రంలో ఎలేన్ దగ్గర జరిగిన ఘోరాన్ని చూసి బతికినవాడు. పత్తికి న్యాయమైన లెక్క అడగడానికి నల్లవారు పెట్టుకున్న సంఘాన్ని అప్పట్లో నెత్తురులో ముంచేశారు. చంపేసినవారి లెక్క ఇప్పటికీ తేలలేదు. విడివిడిగా ఉంటే విడివిడిగానే చంపేస్తారన్నది ఆయన అనుభవం. ఒకే సంఘం కావాలని ఆయన గట్టిగా చెప్పాడు. దక్షిణాది కౌలురైతుల సంఘం అలా పుట్టింది. మన పల్లెల్లో మాలవాడ, మాదిగవాడ, బీసీల వీధి అని కూలిజనాన్ని విడగొట్టి పబ్బం గడుపుకొనేవారు ఉన్నంతకాలం ఆ రాత్రి తీర్మానం మనకూ వర్తిస్తుంది.

సంఘం కోర్టుకెక్కింది. ఏడో షరతు ఉల్లంఘించారని నార్‌క్రాస్ మీద దావా వేసింది. ఒప్పందం సర్కారుకూ భూస్వామికీ మధ్యది, కౌలుదారుకు దానిలో సంబంధం లేదన్న వాదనే గెలిచింది. 1935 ఆరంభంలో వ్యవసాయ శాఖ మేరీ కానర్ మైయర్స్ అనే న్యాయవాదిని విచారణకు పంపింది. ఆమె ఊరూరా తిరిగి నివేదిక రాసింది. ఆ నివేదికను తొక్కిపెట్టారు. కౌలుదార్లను కొనసాగించాల్సిందేనని ఏడో షరతుకు అర్థం చెప్పిన వ్యవసాయ శాఖ న్యాయవాదులను ఆ ఫిబ్రవరిలోనే ఉద్యోగాల నుంచి ఊడబెరికారు. పేదవాడి పక్షాన చట్టాన్ని చదివినందుకు ఇదీ బహుమానం!

ఊళ్ళలో దాడులు మొదలయ్యాయి. సంఘం తరఫు న్యాయవాది ఇంటిమీద తుపాకులు పేల్చారు. సభలను చెదరగొట్టారు, కార్యకర్తలను జైళ్ళలో పెట్టారు. అయినా సంఘం తలవంచలేదు. 1935 శరదృతువులో పత్తి తీత సమ్మె జరిపింది. వంద పౌన్ల తీతకు డాలరు కూలి కావాలని అడిగింది. చాలా తోటల్లో 75 సెంట్లకు ఒప్పించింది. కోర్టులో దొరకనిది, కచేరీలో దొరకనిది చేలో కొంత దొరికింది. సంఘం లేపిన అలజడి దేశం నలుమూలలకూ పాకినందువల్లే 1936లో కౌలు సమస్య మీద అధ్యక్షుడు కమిటీ వెయ్యక తప్పలేదు. కౌలురైతులకు భూమి కొనుక్కోవడానికి అప్పులిచ్చే చట్టం 1937లో వచ్చింది. అది సముద్రంలో కాకిరెట్టంతే, నిజమే. కానీ అదీ అడక్కుండా వచ్చింది కాదు.

వాటా ఇమ్మంటే మనిషినే లేకుండా చేశారు

ఈ కథలో మనం అన్నింటికంటే జాగ్రత్తగా చదవవలసిన పుట ఇదే. విమర్శలు ముదిరాక వాషింగ్టన్ దిగివచ్చింది. సర్కారు చెల్లింపుల్లో సగపాలు రైతుకూ పంట వాటాకు తగినంత ఇవ్వాలని 1930ల చివరలో నిబంధనలు మార్చింది. మంచిదే కదా అనిపిస్తుంది. మరి భూస్వాములేం చేశారు? సగపాలు రైతు ఉంటేనే కదా వాటా ఇవ్వవలసింది! అతన్ని తీసేసి, అదే మనిషిని రోజుకూలికి పెట్టుకున్నారు. కూలివాడికి పంటలో వాటా లేదు గనుక సర్కారు సొమ్ములోనూ వాటా లేదు. చట్టం అక్షరాలా అమలైంది, పైకమంతా దొరకే చేరింది.

ఆర్కన్సాస్‌కు ఆనుకొని ఉన్న మిస్సోరీ రాష్ట్రపు ఆగ్నేయ మూలలో 1939 జనవరిలో ఇలా వెళ్ళగొట్టబడిన పదిహేను వందలమంది దాకా నల్ల, తెల్ల పేదలు పిల్లాపాపలతో, తట్టాబుట్టలతో జాతీయ రహదారుల పక్కన మంచులో మకాం వేశారు. ఓవెన్ విట్‌ఫీల్డ్ అనే నల్లజాతి బోధకుడు వారికి నాయకుడు. దారిన పోయే ప్రతివాడూ తమను చూడాలనే వారు రోడ్డు పక్కకు వచ్చారు. అధికారులు అంటురోగాల పేరు చెప్పి వారిని చెదరగొట్టారు.

నేలమీద నిలబడే హక్కు లేనివాడికి పైకంలో హక్కు రాసిస్తే, ఆ రాతే అతని మెడకు ఉరితాడవుతుంది. వాటా హక్కూ, తొలగించకుండా రక్షణా రెండూ జోడెడ్లు. ఒక్కదాన్నే కాడికి కడితే బండి బోల్తా పడుతుంది.

ఇది పాత కథ అనుకుంటే పొరపాటు. మిసిసిపీ రాష్ట్రంలో సన్‌ఫ్లవర్ కౌంటీ ఉంది. ఐదు వేల ఎకరాలకు పైగా పత్తి తోట ఉన్న సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌లాండ్ అక్కడివాడే. సెనేట్ వ్యవసాయ కమిటీలో సభ్యుడు కూడా. 1960ల చివరి ఏళ్ళలో ఆయన తోటకు ఏటా లక్ష డాలర్లకు పైగా సర్కారు చెల్లింపులు ముట్టాయి. అదే కౌంటీలో ఫానీ లూ హేమర్ అనే నల్లజాతి కూలి తల్లి పద్ధెనిమిదేళ్ళు ఒక తోటలో పనిచేసింది. 1962 ఆగస్టు 31న ఓటరుగా నమోదు చేసుకోవడానికి వెళ్ళినందుకు అదేరోజు ఆమెను తోటనుంచి వెళ్ళగొట్టారు. ఒకరు పత్తి వెయ్యనందుకు లక్షలు, మరొకరు ఓటు అడిగినందుకు బహిష్కారం. ఆమె ఊరుకోలేదు. 1969లో పేదల సహకార సేద్యక్షేత్రాన్ని నిలబెట్టింది.

1970లో చెల్లింపులకు పంటకు 55 వేల డాలర్ల పరిమితి పెట్టారు. పెద్ద ఆసాములు భార్యల పేర, బిడ్డల పేర, కాగితాల కంపెనీల పేర తోటలను చీల్చి చూపించారు. కొమ్మలకు కొమ్మలుగా పేర్లు వేలాడే ఈ ఎత్తుగడకు 'మిసిసిపీ క్రిస్మస్ చెట్టు' అని పేరే పడింది. మన 1973 భూపరిమితి చట్టం నాటి బినామీలను చూసినవారికి ఈ చెట్టు కొత్తగా కనిపించదు. 2025 జులై 4న అమెరికాలో వచ్చిన చట్టం మనిషికి చెల్లింపు పరిమితిని లక్షా 25 వేల డాలర్ల నుంచి లక్షా 55 వేలకు పెంచింది. అదే చట్టం పేదల ఆహార సహాయంలో పదేళ్ళకు సుమారు 18,600 కోట్ల డాలర్లు కోసింది. ఒకే కలం, ఒకే కాగితం. పైవరసలో పెద్ద కమతానికి పెంపు, కిందివరసలో పేదవాడి కంచానికి కోత.

మన చేలలో జరుగుతున్నది

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. తెలంగాణలో 2018 మే 10న రైతుబంధు మొదలైంది. ఎకరాకు పంటకాలానికి 4 వేలు, 2019 నుంచి 5 వేలు. ఎన్ని ఎకరాలున్నా సరే, పట్టా ఉంటే చాలు. లెక్కేసుకోండి. రెండెకరాల బక్కరైతుకు పంటకాలానికి 10 వేలు, యాభై ఎకరాల ఆసామికి రెండున్నర లక్షలు. కౌలుకు చేసుకునేవాడికి పైసా లేదు. పైగా 2020లో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమే మాయమైంది. ముందు కాగితంలో పేరు చెరిపేసి, తర్వాత కాగితంలో నీ పేరేదీ అని అడగడం ఎంతటి న్యాయం?

కౌలుదార్లకూ ఇస్తామన్న వాగ్దానంతో 2023 ఎన్నికలు జరిగాయి. 2025 జనవరి 26న రైతు భరోసా వచ్చింది. ఎకరాకు పంటకాలానికి 6 వేలు, ఏడాదికి 12 వేలు. కౌలుదారు మాత్రం గడప బయటే నిలబడ్డాడు. అదేరోజు భూమిలేని కూలి కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ప్రకటించారు. 2023-24లో ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉంటే కుటుంబానికి ఏడాదికి 12 వేలు. కూలివాడి పేరు సర్కారు పద్దులోకి ఎక్కినందుకు ఆహ్వానిస్తున్నాము. కానీ తేడా చూడండి. ఒకరికి ఎకరానికి 12 వేలు, మరొకరికి ఇల్లు మొత్తానికి 12 వేలు. పది ఎకరాల ఆసామి పది కూలి కుటుంబాలకు సమానమని సర్కారే తూకం వేసి చెప్పినట్టు కాదా?

కేంద్రం 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం కిసాన్‌లో ఏడాదికిచ్చే 6 వేలు కూడా భూమి పేరు మీద ఉన్న కుటుంబానికే. కౌలుదారు ఆ లెక్కలో మనిషే కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదారుకు కార్డు అనే మాటైనా ఉంది. 2011లో అధీకృత సాగుదార్ల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, భూయజమాని సంతకంతో పదకొండు నెలల ఒప్పందం ఉంటేనే కార్డు అన్నారు. ఆసామి సంతకం పెడతాడా? సంతకం పెడితే భూమి పోతుందని భయం, పైకం పోతుందని బాధ. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది చేను ఇంకొకడికి. 2025 ఆగస్టు 2న మొదలైన అన్నదాతా సుఖీభవలో కేంద్రం ఇచ్చేదానితో కలిపి ఏడాదికి 20 వేలు అన్నారు. కార్డు చేతికందని కౌలుదారుకు ఆ సుఖం వినడానికే. 1934లో 'వీలైనంత వరకు' అన్న తోక ఏ పని చేసిందో, ఇక్కడ 'యజమాని సంతకంతో' అన్న తోక అదే పని చేస్తోంది.

ఒక మాట స్పష్టం చెయ్యాలి. రైతుకు సర్కారు సాయం దండగ అనేవారితో మాకు ఏకీభావం లేదు. ఎరువుల ధరలూ విత్తనాల ధరలూ కంపెనీల ఇష్టానికి వదిలేసి, పంట ధర దళారీల దయకు వదిలేసి, ఇచ్చే నాలుగు రూపాయలూ తీసెయ్యమనడం పచ్చి ద్రోహం. ఒంట్లో బాగాలేకనో, పెట్టుబడి లేకనో ఎకరం అరెకరం కౌలుకిచ్చుకున్న ముసలి రైతూ, ఒంటరి ఆడదీ మన శత్రువులు కారు. వారి నోటిముందు కూడు లాక్కుని కౌలుదారుకు పెట్టమని మేము అనడం లేదు. పేదవాడిని పేదవాడి మీదికి ఉసిగొల్పే ఆట దొరలది. పెద్ద కమతాలకు పరిమితి లేకుండా పోతున్న సొమ్ముకు కట్ట వేస్తే, దున్నేవాడికీ కూలివాడికీ ఇవ్వడానికి ఖజానాకు కొత్తగా గొయ్యి పడదు.

అందుచేత మేము కోరేవి ఇవి. ప్రతి పంటకాలంలోనూ చేను ఎవరు చేస్తున్నారో గ్రామసభలో అందరి ఎదుట చదివి, యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా సాగుదారు పేరు రాయాలి. అలా పేరు రాయించుకున్నందుకు కౌలుదారును తొలగిస్తే శిక్ష ఉండాలి. రాసిన పేరు వల్ల యజమాని పట్టాకు భంగం రాదని సర్కారే హామీ ఇవ్వాలి. చిన్న రైతు భయం పోతే తప్ప ఈ పని సాగదు. సొంతంగా సేద్యం చెయ్యని పెద్ద కమతాలకు చెల్లింపులు ఆపి, మిగతావారికి ఎకరాల పరిమితి పెట్టాలి. కూలి కుటుంబానికి సాయం ఉపాధి పనిదినాల మెలికతో కాక, భూమిలేకపోవడమే అర్హతగా ఇవ్వాలి. కౌలుకు చేసే ఆడవారి పేర్లు వారి పేరుమీదే రాయాలి. లెక్క చూసే కమిటీల్లో సగానికి తగ్గకుండా కౌలుదార్లు, కూలీలు ఉండాలి.

ఇవన్నీ అర్జీలతో రావు. పాయిన్‌సెట్ సంఘం తర్వాత్తర్వాత పెద్ద కార్మిక సమాఖ్యలో చేరి, లోలోపలి తగాదాలతో 1939 నాటికి చీలి బలహీనపడింది. దాని గెలుపెంత పాఠమో దాని చీలికా అంతే పాఠం. కౌలురైతు సంఘం ఒకటి, కూలీల సంఘం ఇంకొకటి ఎవరి దారిన వారు పోతే, కౌలుదారును కూలీగా మార్చే ఎత్తుగడకు అడ్డు ఉండదు. నిన్నటి కౌలుదారే రేపటి కూలీ అని ఆర్కన్సాస్ చెప్పింది, మిస్సోరీ రోడ్డు పక్కన చెప్పింది.

వచ్చే గ్రామసభకు ప్రతి ఊరి సంఘమూ తమ ఊళ్ళో ఎవరి చేను ఎవరు చేస్తున్నారో జాబితా రాసుకుని వెళ్ళాలి. అధికారులకు గుర్తించడం కష్టమట. మనకు కష్టం కాదు. ఏ మడిలో ఎవరి కాలు దిగిందో ఊళ్ళో పసిపిల్లవాడికి కూడా తెలుసు. ఆ జాబితా సభలో చదివి, రిజిస్టరులో రాయించి, రసీదు తీసుకునేదాకా అక్కడినుంచి కదలకూడదు.